తుప్పు పట్టని ఉక్కుకూ ఉప్పు ముప్పు

* రసాయన రియాక్టర్లకు లోహం ఎంపికే తొలి రక్షణ
* లోపలి ఆమ్లంతో పాటు బయటి నీటినీ లెక్కించాలి
* తీరానికి పరిశ్రమలు వస్తున్న వేళ తెలుసుకోవలసిన విషయాలు

బోగోలు: సముద్రపు గాలి ఇనుమును బతకనివ్వదన్న సంగతి తీరప్రాంత వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో ఇళ్ల కిటికీ చువ్వలు, పడవల గొలుసులు, రొయ్యల చెరువుల గట్లపై ఉండే మోటార్ల పెట్టెలు ఏటా రంగు వేయనిదే నిలవవు. ఈ బాధ పడలేక పలువురు గేట్లకు, మెట్ల పక్క కమ్మీలకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడుతున్నారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి దానిపైనా టీ మరకల వంటి గోధుమరంగు చుక్కలు తేలుతున్నాయి. తుప్పు పట్టని ఉక్కుకు తుప్పేమిటని కొన్నవారు విస్తుపోతున్నారు.

ఇంటి గేటుపై పడిన చుక్క కంటికి మాత్రమే ఇబ్బంది. అదే చుక్క రసాయన కర్మాగారంలోని రియాక్టర్ గోడపై పడితే అది ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది. మండే ద్రావకాలను, ఆమ్లాలను వేడిచేసి, కలిపి, పీడనంలో ఉంచే పాత్రే రియాక్టర్. అందులో ఏముందో తెలిసినవారు కూడా దాని గోడ ఏ లోహంతో తయారైందో, ఆ లోహం ఎందుకు ఎంపికైందో అడగడం అరుదు.

ఆ ప్రశ్న ఇప్పుడు మన గడపలోకి వచ్చింది. కావలికి ఉత్తరాన రామాయపట్నంలో ఓడరేవు నిర్మాణానికి 2022 జులై 20న శంకుస్థాపన జరిగింది. ఆ ప్రాంతంలోనే చమురు శుద్ధి కర్మాగారం, పెట్రో రసాయనాల సముదాయం నెలకొల్పే దిశగా ప్రాథమిక పనుల నిమిత్తం రూ.6,100 కోట్ల వ్యయానికి భారత్ పెట్రోలియం పాలకమండలి 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. పెద్ద పరిశ్రమ వెంట దాని అనుబంధ పరిశ్రమలు రావడం ఎక్కడైనా జరిగేదే. ఉద్యోగాలు వస్తాయన్న ఆశ ఎంత సహజమో, అవి సురక్షితంగా ఉండాలన్న కోరిక కూడా అంతే సహజం. ఉప్పుగాలి, ఉప్పునీరు ఉన్న చోట రసాయన పాత్రలకు ఏ ఉక్కు తగును, ఏది తగదు అన్న విషయాన్ని సామాన్యుడు కూడా తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

రక్షణ అంతా ఒక పొరలోనే

ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రేర్లీ అనే లోహశాస్త్రవేత్త 1913లో తుపాకీ గొట్టాల అరుగుదలపై పరిశోధిస్తూ దాదాపు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కును తయారుచేశారు. ఆమ్లాలకు అది లొంగకపోవడాన్ని గమనించారు. నేడు స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి.

ఈ క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కు ఉపరితలంపై కంటికి కనబడని పొరను ఏర్పరుస్తుంది. దాని మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. లోహం గీసుకుపోయినా, గాలి తగిలితే చాలు, గాయం మానినట్లుగా పొర తిరిగి అల్లుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బలం మొత్తం ఇదే. దాని బలహీనత కూడా ఇందులోనే ఉంది. ప్రాణవాయువు అందని చోట, లేదా పొరను చీల్చే పదార్థం ఎదురైన చోట ఆ రక్షణ తొలగిపోతుంది.

యూరియా తయారీని దీనికి ఉదాహరణగా చెప్పవచ్చు. 2022 నవంబరులో జాతికి అంకితమైన రామగుండం ఎరువుల కర్మాగారం వంటి వాటిలో అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు కలిసి కార్బమేట్ అనే ద్రవం ఏర్పడుతుంది. అది ఉక్కును తీవ్రంగా తినివేసే స్వభావం కలది. అందుకే యూరియా తయారీలో ముడి వాయువుతో పాటు కొద్దిపాటి గాలిని కూడా పంపే పద్ధతి ఉంది. ఆ కాస్త ప్రాణవాయువే స్టీలు పొరను నిలబెడుతుంది. లోహాన్ని ఎంచుకోవడంతో పని పూర్తికాదని, అది బతికే పరిస్థితిని కూడా కల్పించాలని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

గ్రేడు మారితే గుణం మారుతుంది

వంటపాత్రల దుకాణంలో స్టీలు అంటే ఒకటే. కర్మాగారంలో అది పదుల రకాలు. చౌక గిన్నెలు, బిందెల్లో ఎక్కువగా కనబడే 200 శ్రేణి ఉక్కులో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసును పెంచుతారు. రసాయన పాత్రలకు అది పనికిరాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 రకంలో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం చేరుతుంది. ఉప్పును తట్టుకునే శక్తి ప్రధానంగా ఈ మాలిబ్డినం వల్లనే పెరుగుతుంది. ఆపైన 2205 అని పిలిచే డూప్లెక్స్ రకంలో 22 శాతం క్రోమియం, 3 శాతం మాలిబ్డినం, కొద్దిగా నైట్రోజన్ ఉంటాయి.

వీటిని పోల్చడానికి ఇంజనీర్లు ఒక సులభమైన లెక్క వాడతారు. మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో గుణించి, క్రోమియం శాతానికి కలుపుతారు. ఆ మొత్తం ఎంత ఎక్కువైతే చుక్కల తుప్పును ఆ ఉక్కు అంత బాగా తట్టుకుంటుంది. ఈ లెక్కన 304 రకానికి 18 నుంచి 20, 316 రకానికి 24 ప్రాంతం, 2205 రకానికి 35 ప్రాంతం వస్తుంది. సముద్రపు నీటితో నేరుగా పనిచేయవలసిన పరికరాలకు సాధారణంగా 40 దాటిన రకాలను, లేదా టైటానియాన్ని ఎంచుకుంటారు.

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. అది సగమే నిజం. నాసిరకపు 200 శ్రేణికీ అయస్కాంతం దాదాపు అంటుకోదు. ఉప్పును ఎంతో బాగా తట్టుకునే డూప్లెక్స్ ఉక్కుకు మాత్రం అంటుకుంటుంది. అయస్కాంత పరీక్షను నమ్ముకుంటే మంచి లోహాన్ని తిరస్కరించి చెడ్డదాన్ని స్వీకరించే ప్రమాదం ఉంది. రేకుపై ముద్రించిన ఉత్పత్తి సంఖ్య, దానికి సరిపోలే తయారీదారు పరీక్ష పత్రం, లోహంలోని మూలకాలను క్షణాల్లో చూపే చేతి పరికరంతో తనిఖీ, ఈ మూడూ ఉంటేనే ఆ లోహం ఏమిటో నిర్ధారణ అయినట్లు.

ఉప్పు ఎలా చంపుతుంది

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. ఈ క్లోరైడే స్టీలు పొరకు ప్రధాన శత్రువు. అది మూడు రకాలుగా దాడి చేస్తుంది. మొదటిది చుక్కల తుప్పు. పొరలో ఒక బిందువు వద్ద చొరబడి, అక్కడే లోతుగా తొలుచుకుంటూ పోతుంది. చుట్టూ లోహం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, గోడకు మాత్రం రంధ్రం పడుతుంది. రెండవది సందుల తుప్పు. బిగింపు పలకలు, రబ్బరు పట్టీల కింద గాలి ఆడని చోట నీరు నిలిచి అది మొదలవుతుంది.

మూడవది అన్నింటికన్నా ప్రమాదకరమైనది. క్లోరైడ్, వేడి, లోహంలోని లాగుడు బలం, ఈ మూడూ ఒకచోట కలిస్తే వెంట్రుక వంటి పగుళ్లు కొమ్మలుగా చీలుతూ గోడలోకి పాకుతాయి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట 304, 316 రకాలకు ఈ ముప్పు ఎక్కువ. 8 నుంచి 10 శాతం నికెల్ ఉన్న ఉక్కులే ఈ పగులుకు ఎక్కువగా లొంగుతాయి. అంటే పరిశ్రమలో అత్యధికంగా వాడే రకాలే ఈ విషయంలో బలహీనం. మందం తగ్గదు, రంగు మారదు, ముందుగా హెచ్చరిక ఉండదు. పగులు బయటపడే నాటికి పాత్ర ఆయువు తీరిపోయి ఉంటుంది.

ఎంత క్లోరైడ్ వరకు ఫరవాలేదు అన్న ప్రశ్నకు స్థూలమైన సమాధానం ఉంది. మామూలు వేడిమిలో, పారే నీటిలో 304 రకానికి లీటరుకు 200 మిల్లీగ్రాములు, 316 రకానికి 1,000 మిల్లీగ్రాములు హద్దుగా భావిస్తారు. వేడి పెరిగేకొద్దీ ఈ హద్దు వేగంగా తగ్గిపోతుంది. దీన్ని మన తాగునీటి ప్రమాణంతో పోల్చి చూడాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో క్లోరైడ్ 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 1,000 వరకు అనుమతిస్తారు. మనిషి తాగడానికి చట్టం ఒప్పుకున్న నీరు కూడా 304 రకం ఉక్కుకు హాని చేయగలదన్న మాట. తీరప్రాంతంలో బోరు లోతుకు వెళ్లేకొద్దీ నీరు ఉప్పెక్కే పల్లెలకు దీని అర్థం వివరించనక్కరలేదు.

లోపలి ఆమ్లం కన్నా బయటి నీరు

రియాక్టర్‌కు లోహం ఎంచుకునేటప్పుడు యాజమాన్యాలు లోపల పోసే రసాయనం గురించి ఎంతో ఆలోచిస్తాయి. బయటి వైపు ప్రవహించే నీటిపై అంత శ్రద్ధ కనబడదు. రియాక్టర్ చుట్టూ రెండో గోడ కట్టి, ఆ ఖాళీలోకి ఒకసారి ఆవిరి, ఒకసారి చల్లని నీరు పంపుతారు. దీనినే జాకెట్ అంటారు. చల్లబరచే నీరు కొంత ఆవిరైపోతూ తిరిగి తిరిగి వాడబడుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్‌తో మొదలైన నీరు ఐదింతలు చిక్కబడితే 1,000 అవుతుంది. బోరు వద్ద పరీక్షించిన నీరు వేరు, జాకెట్‌లో తిరిగే నీరు వేరు.

ఔషధ పరిశ్రమలో మరో ఆచారం ఉంది. సున్నా డిగ్రీల కన్నా తక్కువకు చల్లబరచవలసి వస్తే ఉప్పు ద్రావణాన్ని, అంటే బ్రైన్‌ను జాకెట్‌లోకి పంపుతారు. ఆ పని ముగిశాక అదే జాకెట్‌లోకి ఆవిరి వదులుతారు. అడుగున మిగిలిన ఉప్పు, ఆపై నూరు డిగ్రీలు దాటిన వేడి, వెల్డింగ్ వల్ల గోడలో మిగిలిన లాగుడు. పగులుకు కావలసిన మూడు వస్తువులనూ మనమే ఒకచోట చేర్చినట్లవుతుంది. అటువంటి చోట క్లోరైడ్ లేని చల్లబరచే ద్రవం వాడడం, లేదా డూప్లెక్స్ ఉక్కు ఎంచుకోవడం వివేకం. వేడి నిలవడానికి చుట్టే దూది వంటి కవచం కింద కూడా ఇదే కథ. సముద్రపు గాలిలోని ఉప్పు, వాన తడి అందులోకి ఇంకి, వేడి గోడ వద్ద చిక్కబడుతుంది. పైన మెరిసే రేకు కింద ఏమి జరుగుతోందో విప్పి చూస్తే తప్ప తెలియదు.

బయటి నీరు ఎంతటి అనర్థానికి దారితీయగలదో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో దుర్ఘటన ప్రపంచానికి చూపింది. అక్కడ వరుసగా అమర్చిన ఆరు రియాక్టర్లలో సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం ఉండేది. అరంగుళం మందపు సాధారణ ఉక్కు గోడకు లోపల 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేశారు. పైన కారుతున్న ఆవిరిని అణచడానికి గొట్టంతో నీరు పోశారు. ఆ నీటిలో నైట్రేట్ ఉంది. అది బయటి సాధారణ ఉక్కును పగులగొట్టింది. 1974 మార్చి 27న ఐదో రియాక్టర్‌పై పొడవైన పగులు కనబడింది. దాన్ని తొలగించి, సరైన డిజైన్ లేకుండా తాత్కాలిక గొట్టంతో నాలుగు, ఆరు రియాక్టర్లను కలిపారు. జూన్ 1న ఆ గొట్టం తెగి, ఆవిరి మేఘం పేలి 28 మంది మరణించారు. లోపలి తొడుగు మంచిదే. ముప్పు వచ్చింది బయటి నుంచి, అది కూడా నీటి రూపంలో.

ఆవకాయకు జాడీ ఎందుకు?

ఏ రసాయనానికి ఏ లోహం అన్న ప్రశ్నకు సగం సమాధానం మన వంటింట్లోనే ఉంది. స్టీలు డబ్బాలు ఎన్ని ఉన్నా ఆవకాయను, నిమ్మకాయ ఊరగాయను పెద్దలు పింగాణీ జాడీలోనే పెడతారు. ఉప్పు, పులుపు కలిస్తే లోహం నిలవదన్నది అనుభవం నేర్పిన పాఠం. రసాయన పరిశ్రమ కూడా అదే దారి పట్టింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 304 గానీ 316 గానీ తగవు. దానికి ఉక్కు పాత్ర లోపల గాజు పొర కాల్చి అతికించిన రియాక్టర్లు వాడతారు. గాజుపూత రియాక్టర్ల తయారీలో హైదరాబాద్‌లోని నాచారం ప్రాంతానికి పేరుంది. గాజుకూ పరిమితులున్నాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, వేడి క్షారాలు దాన్ని తింటాయి. ఒక్కసారిగా వేడి, చలి మారినా, లోపల పనిముట్టు జారిపడినా పగులుతుంది.

నత్రికామ్లానికి 304 రకంలోని తక్కువ కార్బన్ ఉక్కు చక్కగా సరిపోతుంది. అక్కడ ఎక్కువ ధర పెట్టి 316 కొన్నందువల్ల ప్రయోజనం లేదు. ఎసిటిక్ ఆమ్లానికి 316ఎల్ వాడుక. సల్ఫ్యూరిక్ ఆమ్లం విచిత్రమైనది. మామూలు వేడిమిలో 93 శాతం దాటిన గాఢ ఆమ్లాన్ని సాధారణ ఉక్కు ట్యాంకులోనే నిల్వ చేయవచ్చు. అందులోకి నీరు చేరి పలచబడితే అదే ట్యాంకును కొరికివేస్తుంది. మధ్యస్థ గాఢతలకు నికెల్ ఎక్కువగా, కొంత రాగి ఉన్న ప్రత్యేక రకాలు కావాలి. చమురు శుద్ధి కర్మాగారంలోనూ ఉప్పు బాధ తప్పదు. ముడిచమురుతో వచ్చే లవణాలు వేడికి విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. అందుకే చమురును ముందుగా నీటితో కడిగి ఉప్పు తీసే ఏర్పాటు ఉంటుంది.

ఖరీదైన ఉక్కే మంచి ఉక్కు అన్న సూత్రం చెల్లదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఏ రసాయనం, ఎంత గాఢత, ఎంత వేడి, ఎంత క్లోరైడ్, ఏ మలినం అన్న ఐదు వివరాలు చేతిలో లేకుండా చేసే ఎంపిక ఊహ మాత్రమే.

అతుకు దగ్గరే అసలు పరీక్ష

సరైన రేకు కొన్నా, అతుకు వేసేటప్పుడు దాన్ని చెడగొట్టవచ్చు. 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉక్కు ఎక్కువసేపు ఉంటే అందులోని కార్బన్, క్రోమియాన్ని లాక్కుని కార్బైడ్‌గా మారుతుంది. అతుకు పక్కన సన్నని పట్టీలో క్రోమియం కరవై, తర్వాత అక్కడే తుప్పు పడుతుంది. దీనికి విరుగుడే ఎల్ అక్షరం చేర్చిన రకాలు. 304 రకంలో 0.08 శాతం వరకు ఉండగల కార్బన్, 304ఎల్, 316ఎల్ రకాల్లో 0.03 శాతానికి పరిమితం. ఎల్ అనే ఒక్క అక్షరం కొనుగోలు పత్రంలో తప్పిపోయినా పాత్ర ఆయువు తగ్గిపోవచ్చు.

అతుకు చుట్టూ కనబడే నీలి, గోధుమ రంగు మచ్చలను ఆమ్లపు లేపనంతో శుభ్రం చేసి, పొరను తిరిగి పుట్టించాలి. సాధారణ ఇనుముకు వాడిన తీగ బ్రష్షును, రాపిడి చక్రాన్ని స్టెయిన్‌లెస్ స్టీలుపై వాడరాదు. ఇనుప రజను అతుక్కుని తుప్పుకు బీజం వేస్తుంది. రెండు పనులూ ఒకే షెడ్డులో చేసే చిన్న వర్క్‌షాపుల్లో ఈ నియమం పాటించడం కష్టమే అయినా తప్పనిసరి.

మరొక ముఖ్యమైన దశ నీటి పీడన పరీక్ష. పాత్ర సిద్ధమయ్యాక నీటితో నింపి, ఒత్తిడి పెట్టి కారుతుందేమో చూస్తారు. స్టెయిన్‌లెస్ పాత్రలకు ఈ నీటిలో క్లోరైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదన్నది వాడుకలో ఉన్న జాగ్రత్త. తీరంలో అందుబాటులో ఉన్న బోరు నీటితో పరీక్ష చేసి, ఆ నీటిని వారాల తరబడి లోపలే వదిలేస్తే, ఒక్క చుక్క రసాయనం పోయకముందే పాత్రకు చిల్లులు పడే అవకాశం ఉంది. పరీక్ష ముగిసిన వెంటనే నీరు తీసివేసి, పూర్తిగా ఆరబెట్టాలి.

ప్రమాదాలు చెప్పే పాఠం

రాష్ట్రంలో జరిగిన రసాయన ప్రమాదాలన్నింటికీ ఉక్కే కారణమని చెప్పడం సత్యదూరం. 2020 మే 7న విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన ఘటనలో, ట్యాంకులో వేడిని అదుపు చేయకపోవడం, చర్యను ఆపే పదార్థం కొరవడడం వంటి లోపాలను విచారణ ఎత్తిచూపింది. 2021 మే నెలలో మన జిల్లాలోనే వింజమూరు మండలం చంద్రపడియలోని రసాయన కర్మాగారంలో విషవాయువుకు ముగ్గురు బలయ్యారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఔషధ కర్మాగారంలో ద్రావకం లీకై, ఆవిరి పేలి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒక్కో ప్రమాదానిది ఒక్కో కారణం. అయితే మండేదీ విషపూరితమైనదీ పాత్రలోనే, గొట్టంలోనే నిలిచి ఉండడం మొదటి రక్షణ. మిగిలిన మీటర్లు, కవాటాలు, అలారాలు, అగ్నిమాపక సాధనాలు అన్నీ ఆ తర్వాతి వరుసలోవే.

లోహం కేవలం పాత్రగానే ఉండదని, ఒక్కోసారి ప్రమాదంలో తానూ పాల్గొంటుందని భోపాల్ ఉదంతం చెబుతుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి అక్కడ పొంగిన 610 నంబరు ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుదే. నీరు చేరడంతో చర్య మొదలైంది. లోపల ఎక్కువగా ఉన్న క్లోరోఫాం వేడికి విడిపోయి ఆమ్లం పుట్టి, గోడను తిని, విడుదలైన ఇనుము చర్యను మరింత వేగవంతం చేసిందని ఆ సంస్థ స్వయంగా 1985లో వెలువరించిన నివేదిక పేర్కొంది. మామూలు పరిస్థితికి తగిన ఉక్కు, అదుపు తప్పిన పరిస్థితికి తగినది కాలేకపోయింది. ఎంపిక చేసేటప్పుడు రోజువారీ నడకతో పాటు అదుపు తప్పే రోజును కూడా ఊహించాలి.

ధర లెక్క ఎవరి ఖాతాలో?

304 కన్నా 316ఎల్, దానికన్నా ప్రత్యేక రకాలు ఖరీదైనవి. నికెల్, మాలిబ్డినం ధరలు అంతర్జాతీయ విపణిలో ఎగిరిపడుతుంటాయి. చిన్న పరిశ్రమకు ఇది భారమే. డూప్లెక్స్ రకానికి బలం ఎక్కువ కాబట్టి గోడ మందం తగ్గించి కొంత ధర కలిసివచ్చేలా చేయవచ్చు. అయితే దాన్ని సుమారు 300 డిగ్రీలు దాటిన వేడికి వాడరాదు, అతుకు వేయడానికి నైపుణ్యం గల పనివారు కావాలి. ప్రత్యేక లోహాల తయారీకి 1973లో స్థాపించిన మిధాని హైదరాబాద్‌లో ఉంది. భారీ పాత్రల నిర్మాణంలో అనుభవం గల ప్రభుత్వరంగ కర్మాగారం విశాఖలో ఉంది. తెలుగువారికి ఈ విద్య కొత్తదేమీ కాదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. చౌక రకం కొనడం వల్ల మిగిలే డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. పాత్ర పగిలితే నష్టం షిఫ్టులో ఉన్న కార్మికుడిది, పక్క ఊరి రైతుది, చెరువుది. లాభం ఒకరికి, ముప్పు మరొకరికి అయిన చోట ఎంపికను కేవలం కొనుగోలు విభాగానికి వదిలివేయడం సమంజసం కాదు.

అడగవలసిన ప్రశ్నలు

అడిగే హక్కు ప్రజలకు ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే పరిశ్రమల్లో అత్యధిక భాగానికి ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. భోపాల్ అనంతరం 1987లో కర్మాగారాల చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకు, పరిసర ప్రజలకు వెల్లడించే బాధ్యతను యాజమాన్యంపై పెట్టింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత నియమావళిలోనూ ఆ బాధ్యత కొనసాగింది. ప్రజాభిప్రాయ సభల్లో ఉద్యోగాలు, నష్టపరిహారం గురించిన ప్రశ్నలు సహజంగానే ముందుంటాయి. వాటితో పాటు ఈ కింది ప్రశ్నలనూ చేర్చవలసి ఉంది.

* ప్రమాదకర రసాయనాలను ఉంచే పాత్రలు ఏ రకం లోహంతో చేశారు? ఆ ఎంపికకు ఆధారమేమిటి?
* చల్లబరచే నీరు ఎక్కడి నుంచి వస్తుంది? తిరిగి తిరిగి వాడాక అందులో క్లోరైడ్ ఎంత ఉంటుంది? ఎన్నాళ్లకొకసారి పరీక్షిస్తారు?
* ఒకే జాకెట్‌లో ఉప్పు ద్రావణాన్ని, ఆవిరిని మార్చి మార్చి వాడుతున్నారా?
* లోహం పరీక్ష పత్రాలు, నీటి పీడన పరీక్షలో వాడిన నీటి వివరాలు భద్రపరిచారా?
* వేడి కవచం విప్పి గోడను, అతుకులను ఎప్పుడు తనిఖీ చేశారు? పగుళ్లను చూపే రంగు ద్రవం పరీక్ష జరిగిందా?
* ఒక రసాయనానికి కొన్న రియాక్టర్‌ను మరో రసాయనానికి మార్చినప్పుడు లోహం తగునో లేదో తిరిగి పరిశీలించారా?

చివరి ప్రశ్న మిగిలినవాటి కన్నా బరువైనది. ఔషధ పరిశ్రమలో ఒకే రియాక్టర్‌లో ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి తయారుచేయడం మామూలు. పాత రియాక్టర్లను కొని బిగించడం కూడా ఉంది. తొలి యజమాని ఏ పనికి కొన్నాడో, దానిలో ఏ పగులు మొదలైందో కొత్త యజమానికి తెలియకపోవచ్చు.

ఈ ప్రశ్నలు వేయడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కరలేదు. మండలంలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరొందిన ఊరు. బాయిలరు ఆయువు అందులో పోసే నీటిని బట్టి ఉంటుందని, ఎప్పటికప్పుడు కడిగి చూడకపోతే లోపల ఏమి పేరుకుందో తెలియదని ఆవిరి ఇంజన్లతో బతికిన ప్రతి రైల్వే కార్మికుడికీ తెలుసు. ఆ బాయిలరు సాధారణ ఉక్కుది, ఇప్పుడు రాబోయే పాత్రలు మెరిసే ఉక్కువి. సూత్రం మాత్రం మారలేదు. స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండక, ఏ ఉక్కు, ఏ నీరు, ఎంత వేడి అన్న మూడు మాటలను యాజమాన్యాలు కాగితంపై రాసి ప్రజల ముందు పెట్టాలి. పరిశ్రమల తనిఖీ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి ఆ కాగితాన్ని అడిగి తీసుకోవాలి. పరిశ్రమ పునాది రాయి పడకముందే ఈ పని జరిగితే తీరానికి మేలు. పగులు కనబడిన తర్వాత అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి ఎవరూ మిగలకపోవచ్చు.